పుట్ట మీది గొడుగు

వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పేరు చెప్పగానే మనకు లక్కబొమ్మలు జ్ఞాపకం వస్తాయి. సంక్రాంతి బొమ్మలకొలువులో ఒక్కటైనా ఏటికొప్పాక బొమ్మ లేని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. ఆ బొమ్మ పుట్టుక చూడ ముచ్చటగా ఉంటుంది. అంకుడు కర్రను తిరిగే ఇరుసుకు బిగించి ఉలితో రూపు తీరుస్తారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తుదకు మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. అంకుడు అడవిచెట్టు. లక్క, మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు కూర్చే పదార్థం. చెట్టు కర్ర ఇస్తున్నది, పురుగు పూత ఇస్తున్నది, మనిషి పనితనం ఇస్తున్నాడు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా బొమ్మ లేదు.

చెట్టు, పురుగు, మనిషి కలిసిన ఇటువంటి కూటమి ఫలమే మరొకటి కలదు. అది బొమ్మవలె ఏండ్ల తరబడి నిలిచేది కాదు. ఉదయం లేచి సాయంత్రానికి వాడిపోయేది. తొలకరి వానలు బలపడి, ఒక రాత్రి ఉరుములు ఉరిమిన మరునాడు, కొండవాలు తోటలలో, మామిడిచెట్ల నీడలో, పాత పుట్టల చుట్టూ తెల్లని గొడుగులు లేస్తాయి. అడ్డాకు దొప్పలలో పెట్టుకొని స్త్రీలు వాటిని సంతకు తెస్తారు. పొద్దెక్కేలోపల దొప్పలు ఖాళీ అవుతాయి. ఆ పంటకు దుక్కి లేదు, విత్తు లేదు, శిస్తు లేదు.

పండ్లతోటలు వేసిన కొండరైతులు నేడు ఒక ప్రశ్న అడుగుతున్నారు. చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేండ్లు పడుతుంది గదా, ఆ నీడలోనే ఈ అడవి పుట్టగొడుగులను కూడ పండించుకోవచ్చునా అని. మంచి ప్రశ్న. దీనికి సమాధానం వెదుకుతూ వెళ్తే చాల దూరం పోవలసి వస్తుంది. పోయి తిరిగి మన పుట్ట దగ్గరికే రావలసి వస్తుంది.

మొదట మాటనే చూద్దాము. సంస్కృతంలో దీనిని ఛత్రాకం అన్నారు. ఛత్రమంటే గొడుగు. రూపాన్ని చూచి పెట్టిన పేరు అది. తెలుగువాడు గొడుగును చూచి ఊరుకోలేదు. అది ఎక్కడ లేచిందో కూడ చూచి పుట్టగొడుగు అన్నాడు. తినదగినది పుట్టను ఆశ్రయించి ఉంటుందని, పెంటకుప్పల మీద లేచే కుక్కగొడుగు వేరని పల్లెటూరి వాడుక. మన భాషలోని ఆ చిన్న సమాసంలో ఒక పెద్ద ప్రకృతి రహస్యం ఇమిడి ఉన్నదని శాస్త్రజ్ఞులు గ్రహించడానికి ఎంతో కాలం పట్టింది.

పూర్వగ్రంథాలలో పుట్టగొడుగుకు రెండు విధాల మర్యాద కనిపిస్తుంది. మనుస్మృతి వెల్లుల్లి, ఉల్లిపాయలతో పాటు దీనిని కూడ ద్విజులకు నిషేధించింది. నేటికీ కొన్ని ఇళ్ళలో ఇది వంటింటి గడప దాటదు. సుశ్రుతసంహిత వైద్యగ్రంథం గనుక వేరొక దృష్టితో చూచింది. వరిగడ్డి మీద పుట్టేవి, చెరకు మీద పుట్టేవి, పేడ మీద పుట్టేవి, వెదురు మీద పుట్టేవి, నేలలోనుంచి పుట్టేవి అని వీటిని విభజించి, వాటి గుణాలను వేరువేరుగా చెప్పింది. ఆధారం మారితే పుట్టగొడుగు మారుతుందన్న ఈ విభాగం ఎంత ఆలోచించినా ఎన్నదగినదే. ఏటికొప్పాక చెరకు పండే సీమ. 1933లోనే అక్కడ సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారం నెలకొన్నది. తడిసిన చెరకు పిప్పి మీద గొడుగులు లేవడం అక్కడివారికి వింత కాదు. సుశ్రుతుని విభాగాన్ని వారు పుస్తకం తెరవకుండానే గుర్తుపట్టగలరు.

ఇక పుట్ట రహస్యం. పద్దెనిమిదవ శతాబ్దిలో యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు మన తీరానికి వచ్చాడు. ఆయన స్వీడన్ దేశపు మహా వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్‌కు శిష్యుడు. 1768లో డేనిష్ వారి రేవు అయిన తరంగంబాడికి చేరి, అటుపిమ్మట ఈస్టిండియా కంపెనీ కొలువులో మొక్కలను పరిశోధించాడు. మనం దినమూ పోపులో వేసుకునే కరివేపాకుకు శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ నామంలో ఈ కోనిగ్ పేరే ఉన్నది. ఆయన 1779లో చెదపురుగులను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. పుట్టను త్రవ్వి, లోపలి అరలలో తేనెపట్టువంటి మెత్తని దిమ్మలు ఉన్నవని, వాటిమీద సన్నని తెల్లని శిలీంధ్రం పెరుగుతున్నదని అందులో వర్ణించాడు. మన దేశస్థులు రెక్కల చెదలను, అనగా ఉసిళ్ళను, ఏ విధంగా పట్టి తింటారో కూడ వ్రాశాడు. 1785లో ఆయన కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. కడపటి దినాలలో చికిత్స చేసినవాడు సామర్లకోటలో ఉన్న మరొక వైద్యుడు, విలియం రాక్స్‌బర్గ్.

కోనిగ్ చూచినదాని అర్థం తరువాతి పరిశోధకులు విప్పి చెప్పారు. చెదపురుగు కర్రను, ఎండుటాకును కొరికి మింగుతుంది. ఆ గట్టి నారను పూర్తిగా జీర్ణించుకొనే శక్తి దానికి లేదు. అందువలన అది తన విసర్జనతో దిమ్మను కట్టి, దానిమీద శిలీంధ్రాన్ని పెంచుతుంది. శిలీంధ్రం ఆ నారను మెత్తబరుస్తుంది. పిమ్మట పురుగు ఆ దిమ్మను తిని బ్రతుకుతుంది. ఇది అచ్చంగా వ్యవసాయం. మనిషి పంటలు పండించడం నేర్చి పదివేల ఏండ్లు దాటింది. చెదపురుగులు ఈ సేద్యం మొదలుపెట్టి సుమారు 3 కోట్ల ఏండ్లు అయినదని శాస్త్రజ్ఞుల అంచనా. వానాకాలంలో తేమ, వేడి సరిపడినప్పుడు దిమ్మ మీది శిలీంధ్రం ఒక పొడుగాటి కాడను పైకి పంపుతుంది. అది నేలను చీల్చుకొని వచ్చి గొడుగు విప్పుతుంది. పైకి కనిపించేది నాలుగు వ్రేళ్ళ పొడవు. లోపల వేరువంటి కాడ మూరెడు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఏరుకొనే వారు కాడను తెగకుండ లాగడానికి శ్రమపడేది అందుకే. 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రమని దాని అర్థం. తెలుగువాని పుట్టగొడుగుకు అది ఇంచుమించు అనువాదమే!

రాక్స్‌బర్గ్ పేరు చెప్పుకున్నాము. మన కథలో ఆయనకు మరొక పాత్ర ఉన్నది. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో తోట పెంచి, అడవి మొక్కలను నేలకు దింపడమే పనిగా పెట్టుకున్నాడు. ఉత్తరాన ఉన్న కొండలలో అడవి మిరియాల తీగను కనిపెట్టి, తెచ్చి, చెట్లకు ప్రాకించి మిరియాల తోట వేశాడు. అంకుడు చెట్టును శాస్త్రీయంగా వర్ణించి, దాని ఆకులనుంచి నీలిమందు తీయవచ్చునని వ్రాసినవాడు కూడ ఆయనే. ఏటికొప్పాక బొమ్మల కర్రకు శాస్త్రలోకంలో పేరు ఆ విధంగా సామర్లకోట తోట దగ్గర మొదలయినది. మిరియం ఆయన పిలుపుకు పలికింది. నేడు అరకు, చింతపల్లి కాఫీ తోటలలో నీడ చెట్ల బోదెలకు అల్లుకున్న మిరియాల తీగలను చూచినప్పుడు ఆ పద్ధతి ఎంత ఫలించినదో తెలుస్తుంది. పుట్టగొడుగు మాత్రం అటువంటి పిలుపుకు ఇంతవరకు పలకలేదు. చెదల పుట్టగొడుగును పుట్టకు వెలుపల వ్యాపారరీతిగా పండించడం నేటికీ సాధ్యపడలేదు.

ఇతర దేశాలవారు ఏమి చేశారు? చీనాదేశంలో జెజియాంగ్ కొండలలోని అడవివాసులు సుమారు వెయ్యేండ్ల క్రితమే దుంగల మీద షిటాకే అనే పుట్టగొడుగును పెంచారు. చెట్టును పడవేసి, గొడ్డలితో గాట్లు పెట్టి, ఆకులు కప్పి, నీళ్ళు చల్లి, ఏండ్ల తరబడి కనిపెట్టుకొని ఉండేవారు. 1313లో వాంగ్ జెన్ రచించిన కృషిగ్రంథంలో ఈ పద్ధతి వర్ణితమై ఉన్నది. అందులో ఒక విశేషం చెప్పాడు. గొడుగులు లేవవలసిన కాలంలో కర్రతో దుంగలను బాదేవారట! ఉరుము ఉరిమితే పుట్టగొడుగు లేస్తుందని మన పల్లెలలో అనుకుంటారు. ఉరుము రాకపోతే ఉరుమును చేతితో కల్పించారు వారు. ఇది వట్టి మూఢవిశ్వాసమని త్రోసివేయడానికి లేదు. జపానులోని ఇవాటే విశ్వవిద్యాలయంలో దుంగలకు క్షణకాలం విద్యుత్తు సోకించి చూచినప్పుడు కొన్ని జాతుల దిగుబడి పెరిగినదని పరిశోధకులు ప్రకటించారు.

ఫ్రాన్సు దేశపు కథ వేరు. అక్కడ ట్రఫుల్ అనే శిలీంధ్రం ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర నేలలోపల గడ్డవలె పెరుగుతుంది. బహు ఖరీదైన వస్తువు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ప్రోవాన్స్ సీమలో జోసెఫ్ తాలోన్ అనే రైతు, ట్రఫుల్ దొరికే ఓక్ చెట్ల క్రింద రాలిన కాయలను ఏరి తన బంజరు నేలలో నాటాడు. ఏండ్లు గడిచి చెట్లు పెరిగిన తరువాత వాటి క్రింద ట్రఫుల్ దొరికింది. శిలీంధ్రాన్ని అతడు నాటలేదు. శిలీంధ్రానికి కావలసిన చెట్టును నాటాడు. తరువాత 1860 దశకం మొదలుకొని ఫిలోక్సెరా పురుగు తగిలి ద్రాక్షతోటలు నాశనమైనప్పుడు, ఆ నేలలలో అనేకులు ఈ ఓక్ చెట్లను వేసుకొని బ్రతికారు. జర్మనీలో ట్రఫుల్ పెంపకం సంగతి తేల్చమని ప్రభుత్వం కోరగా పరిశోధన చేసిన ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞుడు, చెట్టు వేరు, శిలీంధ్రం ఒకదానిని ఒకటి పోషించుకుంటున్నవని 1885లో నిరూపించి, ఆ బంధానికి మైకోరైజా అని పేరు పెట్టాడు.

ఐతే మన మామిడితోటలో, పనసతోటలో ట్రఫుల్ వంటిది పెరుగుతుందా? పెరగదు. మామిడి, పనసల వేళ్ళతో చెలిమి చేసే శిలీంధ్రాలు మరొక తెగవి. అవి కంటికి కనబడనంత సూక్ష్మమైనవి. చెట్టుకు భాస్వరాన్ని అందిస్తాయి గాని గొడుగు ఎత్తవు. ఓక్ చెట్టువలె గొడుగులకు ఆశ్రయమిచ్చేది మన కొండలలో గుగ్గిలం చెట్టు, అనగా సాలవృక్షం. పండ్లచెట్ల క్రింద మనకు దొరికే పుట్టగొడుగులకు ఆధారాలు రెండే. ఒకటి చెదల పుట్ట, రెండవది కుళ్ళుతున్న కర్ర, గడ్డి, ఆకు. మొదటిదానిని పండించలేము, కాపాడగలము. రెండవదానిని పండించగలము. కొండరైతు ప్రశ్నకు సమాధానంలో ముఖ్యభాగం ఇదే.

పండించగల తెగ మనకు క్రొత్త కాదు. 1940 ప్రాంతంలో, విశాఖపట్నం జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న దినాలలోనే, కోయంబత్తూరులోని వ్యవసాయ పరిశోధకులు వరిగడ్డి మీద పుట్టగొడుగును పెంచి, 1943లో ఆ విధానాన్ని ప్రకటించారు. సుశ్రుతుడు మొదట చెప్పిన గడ్డి పుట్టగొడుగే అది. 1962లో మైసూరులోని ఆహార పరిశోధనాలయంవారు చిప్పవంటి ఆకారం గల ముత్యపు చిప్ప పుట్టగొడుగును వరిగడ్డి మీద పండించి చూపారు. ఉడకబెట్టి ఆరవేసిన గడ్డి, మేలైన విత్తనం, నీడ, గాలి, ఎడతెగని తేమ దానికి చాలును. పందిరి వేయనక్కరలేకుండా ఆ నీడను, ఆ తేమను పనస ఇవ్వగలదు. పంట తీసిన గడ్డి మరల ఆ చెట్టు మొదటికే ఎరువుగా చేరుతుంది.

ఇక కాపాడవలసిన తెగ మాట. ఇక్కడ మన కొండల చరిత్రను కొంచెం తలచుకోవాలి. పోడు సేద్యం చేసే గిరిజనులు అడవిని నరికినప్పుడు కూడ మామిడి, పనస, చింత, ఇప్ప, జీలుగు చెట్లను నరకక ఉంచేవారు. తిండిగింజ క్రింద, పండ్లచెట్టు పైన. పండితులు ఇప్పుడు వ్యవసాయ అటవీ విధానమని పిలుస్తున్నది ఇదే. 1882 నాటి మద్రాసు అటవీచట్టం అమలులోకి వచ్చి, పోడును, అటవీ ఫలసేకరణను అరికట్టింది. ఆ ఆంక్షలు, వాటిని అమలు జరిపిన అధికారుల దౌర్జన్యం 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన విప్లవానికి ముఖ్యకారణాలు. ఆ సంవత్సరం ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు ఠాణాపై జరిగిన దాడి అందరికీ తెలిసినదే. చెట్టు క్రింద దొరికే వస్తువు ఎవరిదన్న ప్రశ్న ఎంత పెద్దదో ఆ చరిత్ర చెబుతుంది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీ ఫలాలకు ధర కట్టి కొనడం మొదలుపెట్టింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం తేనె, లక్క, దుంపలు మొదలైన వాటిపై అడవిబిడ్డలకు గల హక్కును గుర్తించింది. 2014లో భారత ప్రభుత్వం వ్యవసాయ అటవీ విధానాన్ని జాతీయస్థాయిలో ప్రకటించింది. ప్రపంచంలో ఇటువంటి విధానం ప్రకటించిన మొదటి దేశం మనదే. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇన్ని మేళ్ళ నడుమ పుట్టను గురించి ఎవరూ ఆలోచించడం లేదు. క్రొత్తగా తోట వేసేవాడు మొట్టమొదట చేసే పని నేల చదును చేయడం. పుట్టను గునపంతో త్రవ్వి, పురుగుమందు పోసి, మన్ను సరిపెడతాడు. అతని భయం నిరాధారమైనది కాదు. ఎండకాలంలో లేత అంట్లను చెదలు పాడుచేయడం కద్దు. ఐతే చెదలకు ప్రధానాహారం ఎండిన కర్ర, రాలిన ఆకు. తోటలో అవి ఊడ్చి తగులబెట్టినప్పుడే పచ్చని అంటు మీద వాటి చూపు మరింతగా పడుతుంది. లేత మొక్క మొదళ్ళను వేరుగా కాపాడుకొని, తోట అంచున, వాలు గట్టున ఉన్న పాతపుట్టను ఉండనిస్తే నష్టం స్వల్పం. ఆ పుట్ట మన్నును గుల్లచేస్తుంది, వాననీటిని లోపలికి దింపుతుంది, ఏటేటా ఒక దొప్పెడు కూర ఇస్తుంది. ఒకసారి త్రవ్వి మందు పోసిన పుట్టను తిరిగి కట్టగల ఇంజనీరు ఇంతవరకు పుట్టలేదు.

గృహిణులకు ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. కొన్ని విషపు గొడుగులు తినదగినవాటిని అచ్చంగా పోలి ఉంటాయి. వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, చీమలు తింటే మంచిదని, బాగా ఉడికిస్తే విషం పోతుందని చెప్పుకునే పరీక్షలు ఏవీ నమ్మదగినవి కావు. కొన్ని విషాలు తిన్న తరువాత పది పన్నెండు గంటలకు గాని లక్షణం చూపవు; అప్పటికి కాలేయం చెడి ఉంటుంది. తరతరాలుగా ఆ కొండలో ఏరుకొని తింటున్నవారు గుర్తుపట్టి ఇచ్చినదే తినాలి. పుట్ట పోతే కూరతో పాటు ఆ గుర్తుపట్టే విద్య కూడ పోతుంది. ఏరడానికి ఏమీ లేనప్పుడు అమ్మమ్మ మనుమరాలికి ఏమి చూపించగలదు?

చాలకాలం క్రితం ధ్వనిముద్రణ పని మీద నేను ఏటికొప్పాక వెళ్ళాను. వానాకాలం. ఒక వృద్ధ కళాకారుడు నా చేతికి సగం చెక్కిన అంకుడు ముక్కను ఇచ్చాడు. పాలవలె తెల్లగా, మెత్తగా ఉన్నది. “మా తాతకు ఈ కర్ర ఊరి పక్క అడివిలోనే దొరికేది బాబూ. నా తండ్రికి ఒక పూట నడకలో దొరికేది. నాకు ఎవరైనా తెచ్చి ఇస్తే దొరుకుతుంది. మేము కొట్టుకోవడం నేర్చుకున్నాము గాని, నాటడం నేర్చుకోలేదు” అన్నాడు. ఫిర్యాదు లేదు ఆ కంఠంలో. లెక్క చెబుతున్నట్లే చెప్పాడు. ఆ మాట నాకు నేటికీ వినబడుతూనే ఉంటుంది.

ఏటికొప్పాకకు ఒకసారి రంగుల విషయంలోను ఇటువంటి కష్టమే వచ్చింది. కృత్రిమ రసాయనపు రంగులు వచ్చి చెట్ల రంగులను మరపించాయి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజ, కరక్కాయ మరల బొమ్మ మీదికి రావడానికి ఆ ఊరివాడే అయిన చింతలపాటి వెంకటపతిరాజు వంటివారు ఏండ్ల తరబడి పాటుపడవలసి వచ్చింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ లభించాయి. పోయిన రంగు తిరిగి వచ్చింది. దాని గింజ ఇంకా ఎక్కడో ఉన్నది గనుక వచ్చింది. పుట్టగొడుగుకు మనం దాచిపెట్టుకోగల గింజ లేదు. దాని గింజ, గాదె, రైతు అన్నీ ఆ పుట్టే.

మన పెద్దలకు ఈ శాస్త్రం తెలియకపోవచ్చును. కాని నాగులచవితినాడు ఇల్లాలు పుట్ట దగ్గరికి వెళ్ళి, పాలు పోసి, ఆ పుట్టమన్నును చెవులకు పెట్టుకొని వచ్చేది. పొలంలో పుట్ట ఉంటే నాగలిని ప్రక్కకు త్రిప్పేవారు. ఆ భక్తి పాముకు చెందినదైనా, కాపాడినది పుట్టను. భక్తి తగ్గిన ఇంట శాస్త్రమైనా ఆ పని చేయాలి. ఈ ఏడు కొండమీద తోట వేయబోయే రైతు గడ్డి మీద పండే పుట్టగొడుగును పనస నీడలో పండించుకొనుగాక. పుట్టను చూచినప్పుడు మాత్రం నాగలిని కొంచెం ప్రక్కకు త్రిప్పితే చాలు. మిగిలిన సేద్యం దానికే తెలుసు.